సియూహా ముఖానికి రంగు

నుదురు చల్లగా ఉంది. ఉంటుందని కిమ్‌చూకి తెలుసు. ఈ ఐదు రోజులుగా ఆ మాట లోలోపల ఎన్నిసార్లో అనుకుంది, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు పాదాలు పట్టుకుని చూసింది కూడా. అయినా ఇప్పుడు వేళ్ళ కొసలు నమ్మడం లేదు. ఈ నుదుటి మీద చెమట అద్దీ అద్దీ అలవాటు పడ్డ వేళ్ళు అవి. సియూహా అక్క నుదురు ఎప్పుడూ కాలుతూ ఉండేది. నడివేసవిలో రేకుల పందిరి కింద, మూడు పొరల పట్టు అంగీతో, బరువైన తలకట్టుతో గంటన్నర నిలబడి పాడి తెర వెనక్కి వచ్చేసరికి పొయ్యి మీది పెనంలా ఉండేది, తడిగుడ్డ వేస్తే ఆవిరి లేస్తుందేమో అనిపించేది. "తొందరగా అద్దవే, కంట్లోకి దిగుతోంది" అనేది, గొంతున్న రోజుల్లో. అద్దుతున్నానుగా అక్కా. ఇప్పుడూ అద్దుతున్నాను. పోయినవాళ్ళకి ఏం చేసినా చెప్పి చెయ్యాలి, లేకపోతే ఉలిక్కిపడతారని పక్కింటి ముసలమ్మ పొద్దున్నే హెచ్చరించి వెళ్ళింది. అందుకని కిమ్‌చూ వంగి, చెవి దగ్గర, మామూలు గొంతుతోనే చెప్పింది.

"అక్కా, నేనే. ముఖం తుడుస్తున్నా."

గోడ గడియారంలో పదీ ఐదు. పదకొండింటికి శవపేటిక మూస్తారు. పూజారి పంచాంగం చూసి పెట్టిన ఘడియ, దాటడానికి వీల్లేదు. ముందుగదిలో దేవుడి పీఠానికి ఎర్ర కాగితం కప్పారు, గోడకున్న అద్దానికీ కప్పారు. అద్దం లేకుండా అక్కకి రంగు వేయడం కిమ్‌చూకి ఇదే మొదలు. చేతులు వణకడం మొదలయ్యాక అక్క తన ముఖాన్ని కిమ్‌చూకే అప్పగించింది గాని అద్దాన్ని మాత్రం వదల్లేదు, ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉండేది, ఎడమ కనుబొమ కాస్త కిందికి జారినా వేలితో చూపించేది. ఇవాళ చూపించేవాళ్ళు లేరు. కిమ్‌చూ తన పాత రేకుపెట్టె తెరిచింది. తెలుపు, గులాబి, ఎరుపు, నలుపు. పదకొండేళ్ళుగా తెరవని పెట్టె. తెరవగానే కర్పూరం, నూనె, పాత పౌడరు కలిసిన వాసన గుప్పున వచ్చి, ఒక్క క్షణం బయట వాన చప్పుడు కూడా చప్పట్లలాగే వినిపించింది.

వాన కాదు, జల్లు. ఈ ఊళ్ళో జల్లు పడని చావు లేదు, పెళ్ళీ లేదు. బయట వీధికి అడ్డంగా వేసిన నీలం టార్పాలిన్ కింద కూర్చుని నలుగురైదుగురు పోయినామె కోసం కాగితం తామరపూలు మడుస్తున్నారు. అరగంట క్రితం ఆ పందిట్లో నుంచే ఫాంగ్‌యూ లోపలికి వచ్చింది. అక్క కూతురు. నలభై ఏడేళ్ళది, తావ్‌యువాన్‌లో బళ్ళో లెక్కలు చెబుతుంది. నల్లచొక్కా, చేతికి చావు గుర్తుగా గోనెగుడ్డ పీలిక. గుమ్మంలోనే నిలబడి, రేకుపెట్టె వైపు చూస్తూ, నేర్చుకుని వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు అంది.

"పిన్నీ, అమ్మని అమ్మలాగే ఉంచండి. కాస్త పౌడరు, పెదాలకి కొంచెం రంగు. అంతే చాలు. నాటకం ముఖం వద్దు."

కిమ్‌చూ "నువ్వెళ్ళి కాసేపు కూర్చో తల్లీ, రాత్రంతా నిలబడే ఉన్నావు" అంది. అలా అనడం తప్పించుకోవడమేనని ఇద్దరికీ తెలుసు. మాట ఇచ్చిన సంగతి ఎలా చెప్పాలి? పదహారు రోజుల క్రితం, ఆసుపత్రి మంచం మీద, పలక మీద, వంకర అక్షరాలతో అక్క రాసింది. నన్ను ముసలిదానిలా పంపకు, వేదిక మీది నా మగవేషం వేసి పంపు. కిమ్‌చూ తలూపింది. తలూపడం కూడా మాటే. మాట ఇచ్చింది పోయినామెకి, వద్దంటున్నది ఉన్నామె, మధ్యలో తన చెయ్యి, చేతిలో యాభై అయిదు నిమిషాలు.

రంగు పట్టడం లేదు. తెలుపు తీసి చెంప మీద రాస్తే ముద్దకట్టి నిలబడిపోయింది, గచ్చు మీద సున్నంలా. ఒంట్లో వేడి ఉంటేనే కదా రంగు కరిగి చర్మంలోకి దిగేది, ఇన్నేళ్ళూ పని సగం అక్క చర్మమే చేసేదని ఇప్పుడు తెలుస్తోంది. కిమ్‌చూ ముద్దని వెనక్కి తీసుకుంది, రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది, నోటితో ఊదింది, మళ్ళీ రుద్దింది. నీ వేడి చాలకపోతే నాది తీసుకో అక్కా. అరవై ఆరేళ్ళ చేతులు, వీటిలోనూ పెద్ద వేడేమీ లేదు గాని, కాస్త కరిగింది. ఒక చెంప, రెండో చెంప, ముక్కు పక్కన లోతు, గడ్డం కింద. అడుగు రంగు గడ్డం కిందికి దిగి మెడలోకి కలవాలి, ముఖం వేరు మెడ వేరు అయితే తల నరికి అతికించినట్టుంటుందని ఎవరన్నారు, అక్కే, మొట్టమొదటిసారి తనని ముందు కూర్చోబెట్టుకుని రంగు వేస్తూ అంది. తనకప్పుడు పదమూడు. అక్కకి ఇరవై ఆరు.

అది అక్క నాటకం కంపెనీ కాదు, అప్పటికి అక్కకి కంపెనీ లేదు. ఇద్దరూ తోబుట్టువులు కారు, పాత యజమాని కంపెనీలో కట్టుబడ్డవాళ్ళే. ఎవరి నాన్న వాళ్ళని వేలిముద్ర వేసి అప్పగించి వెళ్తే, కాగితంలో రాసినన్నేళ్ళూ పాడాలి, పల్టీలు కొట్టాలి, తప్పితే బెత్తం దెబ్బలు తినాలి. అక్క ఏడేళ్ళప్పుడు వచ్చింది. కిమ్‌చూ పదకొండేళ్ళకి. అక్క గడువు తీరింది ఒక శరత్కాలం చివర, మూట కట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూసింది. పెరట్లో కిమ్‌చూ తల కిందికి, కాళ్ళు గోడకి ఆనించి నిలబడి ఉంది, ముందురోజు పాట మధ్యలో దగ్గినందుకు శిక్ష. తలకిందులుగా చూసిన అక్క ముఖం ఇప్పటికీ గుర్తే. గడ్డం పైన, కళ్ళు కింద, మూట ఆకాశంలో. అక్క మూట దించింది. లోపలికి వెళ్ళి యజమానితో ఏదో మాట్లాడింది. తర్వాత తెలిసింది, తను ఇంకో చలికాలమంతా ఉండి పాడుతుందట, బదులుగా కొత్త సంవత్సరానికి ఈ పిల్లని తనతో పంపెయ్యాలట. యజమాని నవ్వి, "దీనికి గొంతులేదే, దగ్గుంది" అన్నాడట. "దగ్గు పోతుంది, గొంతు ఉంటుంది" అందట అక్క. ఆ చలికాలం అక్కకి ఎంత పొడుగైందో కిమ్‌చూ ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేది, ఆ వయసులో ఒక్క చలికాలం అంటే ఒక జీవితం కదా, బయట ప్రపంచం గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంటే తలుపు వేసి లోపలికి వెళ్ళడం.

బయట ఎవరో దగ్గారు. ఆతెక్. ఎనభై రెండేళ్ళ మనిషి, రెండు తీగల ఫిడేలు మీద కంపెనీ మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా అక్క పాటకి తోడు నడిచినవాడు. కాగితం పూలు మడుస్తూ ఫాంగ్‌యూతో కాబోలు అంటున్నాడు.

"మీ అమ్మ నా శ్రుతి తప్పిందని నలభై ఏళ్ళు తిట్టిందమ్మా. నా శ్రుతి ఒక్కనాడు తప్పలేదు. ఆవిడే తప్పేది."

"మరి చెప్పలేకపోయారా తాతా?"

"చెప్పేవాణ్ణి. మర్నాడు ఇంకాస్త గట్టిగా తప్పేది."

ఎవరో నవ్వారు. నవ్వు చావింట్లో కాస్త దారి తప్పి తిరిగి ఆగిపోయింది. కిమ్‌చూకి కూడా నవ్వు వచ్చింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది, వెంటనే తల పక్కకి తిప్పి మోచేత్తో కళ్ళు నొక్కుకుంది. కన్నీళ్ళు మీద పడకూడదు. పడితే పోయినవాళ్ళు కదలలేరట, మనసు ఇక్కడే చిక్కుకుంటుందట. ఏడవకుండా ఎలా ఉండాలో ఈ మనిషే కదా నేర్పింది, వేదిక మీద ఏడుపు గొంతులోనే ఉండాలి, కంట్లోకి వస్తే రంగు కారుతుంది, రంగు కారితే రాజకుమారి కాస్తా చేపలమ్మి అయిపోతుంది అని.

నిజానికి చేపల వాసనలోనే మొదలైంది కంపెనీ. నాన్‌ఫాంగావో రేవులో, చేపల వేలం పాడే కొట్టం పక్కన, నూనె పీపాల మీద పలకలు పరిచి. పదకొండు మంది, ఒక తోపుడు బండి, దుప్పట్లకి రంగు అద్ది కుట్టిన తెర. తెల్లకొంగ అని పేరు పెట్టింది అక్క. ఎందుకంటే ఆ పొద్దున ఆ పీపాల మీద ఒకటి వాలి ఉంది, ఎంత అదిలించినా పోలేదు. సముద్రపు దేవత మాజూ తల్లి పుట్టినరోజు, మధ్యాహ్నం ఆట. కుండపోత. చూడ్డానికి ఎనిమిది మంది వచ్చారు, వాళ్ళలో ఇద్దరు పందిరి కోసం వచ్చినవాళ్ళు. మేళం వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. అక్క తెర సందులోంచి చూసి, ఎదురుగా ఉన్న గుడివైపు చెయ్యి చూపించి, "ఆవిడ వచ్చి కూర్చుంది, మొదలెట్టండి" అంది. గుడి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల పొగలో తల్లి నల్లటి ముఖం. ఆ రోజు అక్క పాడిన పాటంత పాట మళ్ళీ కిమ్‌చూ వినలేదు. వినలేదా, లేక మొదటిది కాబట్టి అలా అనిపిస్తోందా? బహిష్కరించబడిన యువరాజు నది దాటుతూ వెనక్కి తిరిగి చూసే పాట. పక్కన తను చెలికత్తె, పదమూడేళ్ళ చెలికత్తె, గొడుగు పట్టుకోవడమే పని, గొడుగు పట్టుకోవడం మరిచిపోయి నోరు తెరుచుకుని విన్నది. వాన నిజంగానే యువరాజు మీద పడింది. రంగు కారింది. అక్క ఆపలేదు.

ఎరుపు. కనురెప్పల మీది నుంచి చెంపదాకా, ఆడవేషానికైతే గులాబిపువ్వంత, మగవేషానికి పొద్దు వాలినట్టు, పలచగా. కిమ్‌చూ చిటికెన వేలితో అద్దుతూ ఆగింది. వేస్తున్నానా? నేను మగవేషమే వేస్తున్నానా? చెయ్యి తనంతట తను నిర్ణయించుకున్నట్టుంది, ఏళ్ళ తరబడి అలవాటు అది, బుర్రని అడగదు. పలచటి పౌడరుతో, లేత పెదాలతో ఈ ముఖం ఎలా ఉంటుందో తనకసలు తెలుసా? తెలుసు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని వేరుశనగ పాయసం ఊదుకుని తాగుతున్నప్పటి ముఖం, కళ్ళజోడు ముక్కు మీదికి జారి. బాగుంటుంది ఆ ముఖం. కాని ఆ ముఖానికి పేరు లేదు, కంపెనీ జెండా మీద పేరున్న ముఖం ఇది. ఆలోచిస్తూనే రెండో కనురెప్పకి కూడా అద్దింది.

ఒక కాలం వచ్చింది, టేపుల కాలం. ఊరూరా కంపెనీలు పాటలన్నీ ముందే టేపులో పట్టించుకుని, వేదిక మీద పెదాలు కదుపుతూ చేతులు ఊపడం మొదలుపెట్టాయి. గుడికి ఎదురుగా లారీ మీద రంగు దీపాలు పెట్టి పొట్టి గౌన్లతో ఆడపిల్లలు సినిమా పాటలు పాడేవారు, జనం కుర్చీలు తిప్పుకుని అటు కూర్చునేవారు. కంపెనీలో కుర్రకారంతా అక్క చుట్టూ చేరి మనమూ టేపు పెడదామన్నారు. అక్క నూడుల్స్ తింటోంది. గిన్నె కింద పెట్టకుండానే అంది, "నోరు మనది పెట్టి గొంతు అద్దెకి తెచ్చుకుందామా? ఇంకా నయం, దేవుణ్ణి కూడా అద్దెకి తెచ్చి కూర్చోబెడదాం." ఆ నెలలో ఆరుగురు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు తలా రెండు వేషాలు కట్టారు. అక్క మాత్రం ఇంకా గట్టిగా పాడింది, లారీ స్పీకర్ల మీది నుంచి, ఒట్టి గొంతుతో. ఆ పాడటమే మింగేసిందేమో గొంతుని. డాక్టరు అలా అనలేదు, గడ్డ ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదన్నాడు. అరవై ఒకటో ఏట కోసి తీశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది. మెడకి కట్టుతో మంచం మీద కూర్చుని, నోరు తెరిచి, గాలి మాత్రమే రావడం విన్న ఆ మధ్యాహ్నం అక్క ముఖం. వద్దు, అది గుర్తు తెచ్చుకోవడానికి ఇప్పుడు వేళ లేదు.

పదీ ఇరవై ఎనిమిది.

గొంతు పోయేనాటికే ఆ ఏటి మాజూ తల్లి ఆట ఒప్పుకుని ఉన్నారు. అక్క పలక మీద రాసింది, కంపెనీ మూసేద్దాం. పలక అంటే పిల్లలు గీసుకుని చెరిపేసే బొమ్మల పలక, ఫాంగ్‌యూ కొనిపెట్టింది, పైన కుందేలు బొమ్మ. ఆ కుందేలు కింద ఆ మాట. కిమ్‌చూ పలక లాక్కుని చెరిపేసింది. "నువ్వు వేషం కట్టు. నేను పాడతా" అంది. అక్క కళ్ళతోనే అడిగింది, టేపులాగానా అని. "యంత్రం కాదక్కా. నేను."

ఎలా చేశారో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆడవేషం అంగీకి చేతులు మూరెడు పొడుగు, తెల్లపట్టు. యువరాజు పాట రాగానే రాజకుమారికి, అంటే కిమ్‌చూకి, ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చేది, ముఖానికి పట్టు అడ్డం పెట్టుకునేది, ఆ పట్టు వెనక నుంచి, పొత్తికడుపు దగ్గర నుంచి, కిమ్‌చూ యువరాజు గొంతుని బయటికి లాగేది. అక్క పెదాలు కదిపేది, చెయ్యి చాచేది, ఒక్క అక్షరం కూడా తేడా రానిచ్చేది కాదు. ఊపిరి కూడా కిమ్‌చూ ఎక్కడ తీసుకుంటే అక్కడే తీసుకునేది. ఒక ఆటలో యువరాజు పాట ముగించి, వెంటనే చెయ్యి దించి, రాజకుమారి గొంతుతో జవాబు పాడాలి. తనకి తనే ప్రేమలేఖ రాసుకుని తనే సిగ్గుపడటం. ఏడేళ్ళు. అరవై ఎనిమిదో ఏట అక్క మోకాళ్ళు ఇక లేవలేమనేదాకా ఏడేళ్ళు.

మొదటి ఆట అవగానే, ఇంకా అంగీ విప్పకముందే, ముందు వరసలో రోజూ కూర్చునే చేపలావిడ తెర వెనక్కి వచ్చింది. చేతిలో దగ్గుమందు సీసా. అక్క అవతల కూర్చుని ఉంది. ఆవిడ అటు చూడకుండా సీసా కిమ్‌చూ చేతిలో కుక్కి, గొంతు తగ్గించి, "ఇద్దరి పని చేస్తున్నావు, గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగు" అని వెళ్ళిపోయింది. తెలిసిపోయింది. మర్నాడు కూరగాయల బజారులో ఒకాయన "ఈసారి యువరాజు గొంతు చిన్నదైంది సుమా, పాతికేళ్ళు తగ్గింది" అని మెచ్చుకుంటూ కన్ను కొట్టాడు. ఊరంతటికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు. అక్కకి మాత్రం తెలియకూడదని కిమ్‌చూ ఆ సీసా మూటల కింద దాచింది. తెలిస్తే చచ్చిపోతుంది, గొంతు అద్దెకి తెచ్చుకోనన్న మనిషి.

ఇంకోటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు, ఈ పక్కనున్న మనిషికి కూడా పదహారు రోజుల క్రితం దాకా చెప్పలేదు. యువరాజు పాట తనకి ఇష్టమైపోయింది. రాజకుమారి పాటలన్నీ సన్నగా, మెడ వంచుకుని ఉంటాయి. ఆ పాట వెడల్పుగా ఉంటుంది, దాంట్లో నిలబడొచ్చు. పట్టు వెనక చీకట్లో కళ్ళు మూసుకుని పాడుతున్నప్పుడు ఆ యువరాజు తనే. పట్టు దించగానే యువరాజు ఎదురుగా ఉండేవాడు, వేరే ముఖంతో. చప్పట్లు ఆ ముఖానికి. జెండా మీద పేరు ఆ ముఖానిది. వానలో తడిసిన ఆ జెండా మడతపెడుతూ లియావ్ సియూహా అన్న అక్షరాలని పిండినప్పుడు, కొన్నిసార్లు, ఉండాల్సినదాని కంటే గట్టిగా పిండేది. ఆ తర్వాత వెంటనే తలకిందులుగా నిలబడ్డ పిల్ల గుర్తొచ్చేది, ఆకాశంలో మూట గుర్తొచ్చేది, సిగ్గేసేది. సిగ్గేసినా పిండేది.

ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం అక్క పలక అడిగింది. చాలాసేపు రాసి పలక తిప్పి చూపించింది. ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఏంటక్కా?"

నీ గొంతని.

కిమ్‌చూ ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. చివరికి అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

మొదటిరోజే. నా పాటకి ముందు వరసలో ఒక్కరూ నా వైపు చూడలేదు.

"మరి చెప్పలేదేం?"

చెబితే నువ్వు మానేస్తావు. చెరిపింది. మళ్ళీ రాసింది. నీకు కోపం రాలేదా? పేరు నాది.

రాలేదన్న ఏళ్ళనాటి అబద్ధం సిద్ధంగా ఉంది నాలుక మీద. కిటికీ బయట రేవులో ఏదో పడవ కూత వేసింది. కిమ్‌చూ ఆ కూత అయ్యేదాకా ఆగి, "వచ్చింది" అంది. అక్క భుజాలు కదిలాయి. నవ్వుతోంది, చప్పుడు లేకుండా, కళ్ళలో నీళ్ళొచ్చేలా. తర్వాత కుందేలు కింద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట రాసింది. హమ్మయ్య. ఆ పలక కాసేపు అలాగే ఉంచి, ఆ తర్వాతే చెరిపి, మగవేషం సంగతి రాసింది.

కనుబొమలు. చేతికి సన్నటి కుంచె వచ్చింది. ఇక్కడ తప్పితే దిద్దడానికి వేళ చాలదు. "అక్కా, కనుబొమలు వేస్తున్నా, కదలకు" అనేసి, అన్నందుకు తనే పెదవి కొరుక్కుంది. లోపలి కొస నుంచి మొదలై, ఎముక మీదుగా ఎక్కి, కణత దగ్గర కత్తి మొనలా తేలాలి. ఎడమది కాస్త ఎత్తాలి, పుట్టుకతో కిందికి ఉంటుంది. తర్వాత కాటుక, రెండు రెప్పల అంచులూ కలిసి బయటికి పారేట్టు. పెదాలకి ముదురు, పలచగా. ఒక్కొక్క గీత పడుతున్నకొద్దీ ఐదు రోజులుగా ఈ గదిలో పడుకున్న ముసలావిడ వెనక్కి వెనక్కి వెళ్ళిపోయింది, ఆమె ఉన్న చోట ఒక యువకుడు పడుకుని ఉన్నాడు, నది దాటి అలసిపోయినవాడు. కిమ్‌చూ కుంచె కింద పెట్టింది. నలభై రెండేళ్ళు ఎదురుగా నిలబడి చూసిన ముఖం. ఒక్కసారి నోరు తెరువు అక్కా. నేను పాడతాను.

"పిన్నీ."

ఫాంగ్‌యూ ఎప్పుడు వచ్చిందో. గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"వద్దని చెప్పానుగా."

"చెప్పావు. ఆవిడ వెయ్యమని చెప్పింది. రాసింది, ఆసుపత్రిలో."

"ఎప్పుడూ మీకే చెప్పేది." గొంతు పెంచలేదు ఫాంగ్‌యూ. బళ్ళో పిల్లలకి తప్పు చూపించే గొంతే అది, కాని చివర్లో విరిగింది. "లోతుంగ్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగాను కదా, సెలవులకి ఆవిడ నన్ను ఆటకి తీసుకొచ్చేది. మేమొచ్చేసరికి అమ్మ రంగు వేసుకుని ఉండేది. ముట్టుకుంటే చెరుగుతుందని దగ్గరికి రానిచ్చేది కాదు. దూరం నుంచి నవ్వేది. ఆట ఐదింటికి అయ్యేది, మా బస్సు ఐదూ పదికి. పన్నెండేళ్ళు వచ్చేదాకా అంతే పిన్నీ. మా అమ్మ ఎలా ఉంటుందని బళ్ళో ఎవరో అడిగితే ఈ కనుబొమలు గీసి చూపించాను. మగాడి బొమ్మ గీశానని అందరూ నవ్వారు."

ఐదింటి నుంచి ఐదూ పది దాకా ఏం జరిగేదో కిమ్‌చూకి తెలుసు. తెర పడగానే అక్క పాత బల్ల మీద కూలబడి ముఖం పైకెత్తేది. తను పక్కనే, పత్తితో. ఎంత అలిసిపోయినా, ఎంత ఆకలేసినా అక్క రంగుతో వేదిక మెట్లు దిగేది కాదు, దిగి ఎరగదు, యువరాజు నూడుల్స్ తినడు అనేది. పది నిమిషాలు పట్టేది రంగు తీయడానికి. ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకుని తనకి అప్పగించిన ఆ ముఖం, మెల్లమెల్లగా బయటపడే ఆ ముఖం, ఎవరిదని ఇన్నేళ్ళూ అనుకుంది తను? బస్సు ఆగే స్తంభం దగ్గర అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉండేది. తనకి ఆ సంగతి తెలుసు. పాపం అని కూడా అనుకునేది, పత్తి తడుపుకుంటూ.

గోడ గడియారంలో పదీ నలభై రెండు. కిమ్‌చూ వంగింది, యువరాజు చెవి దగ్గర. "అక్కా, వేషం వేశాను. బాగా కుదిరింది. ఎడమ కనుబొమ కూడా." ఆగింది. "ఇక ఆట అయిపోయింది. రంగు తీస్తున్నారు." తర్వాత రేకుపెట్టె అడుగు నుంచి నూనె సీసా, పత్తి తీసి, ఫాంగ్‌యూ ముందు పెట్టి, తను కూర్చున్న ముక్కాలిపీట ఖాళీ చేసి లేచి నిలబడింది.

"రా. నువ్వు తియ్యి."

"నాకు రాదు పిన్నీ."

"నుదుటి నుంచి కిందికి. రుద్దకు, అద్ది లాగు. చెప్పి చెయ్యి, లేకపోతే ఉలిక్కిపడుతుంది."

ఫాంగ్‌యూ కూర్చుంది. పత్తి మీద నూనె ఎక్కువ పోసింది, వేళ్ళ మీదుగా కారింది. "అమ్మా" అంది. "నేను. ఫాంగ్‌యూని." అంతకు మించి రాలేదు, అంతే చాలు. ఒక కనుబొమ పోయింది, రెండోది పోయింది. కాటుక బూడిదలా పరుచుకుని పత్తికి ఎక్కింది. చెంప మీది పొద్దు వాలిపోయింది. కిందనుంచి మెల్లగా ముడతలు వచ్చాయి, ఒక మచ్చ వచ్చింది, కాస్త వంకర ముక్కు వచ్చింది. పూజారి గుమ్మంలోకి వచ్చి, చేతి గడియారం చూసుకుని, ఏదో అనబోయాడు. కిమ్‌చూ ఆయన వైపు చెయ్యెత్తింది. ఆయన గుమ్మం అవతలే నిలబడ్డాడు.

వెంట్రుకల అంచున, నుదుటి పొడవునా, ఈ కణత నుంచి ఆ కణతకి ఒక గాడి బయటపడింది. తెల్లగా, వేలి మందాన, చర్మంలోకి దిగి.

"ఇదేంటి పిన్నీ?"

"తలకట్టు. కళ్ళు పైకి లాగి బిగించి కడతాం. అరవై ఏళ్ళు కట్టింది."

"నొప్పి ఉండేదా?"

"ఉండేది."

ఫాంగ్‌యూ పత్తి కింద పెట్టింది. వేలి కొసని ఆ గాడిలో ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, తొందర లేకుండా నడిపించింది. ఆ తర్వాత దువ్వెన అడిగింది.